అంజూర గిన్నె సాక్ష్యం

అద్లాకి మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేవీ లేవు, ఒక్కటి తప్ప. రెండొందల ఏళ్లనాటి పిస్తోలుకి ఎవడు ఎక్కడ ఆకురాయి పెట్టాడో షుక్రీ చిటికెలో చెప్పేస్తాడు గానీ, హాల్లో కొత్త తెరలు కట్టి మూడు నెలలైనా అవి అతని కంటపడలేదు. పైగా ఇంట్లో ఏది పాడైనా ఆ తప్పు ఇంకెవరిదో అయి తీరాలి. ఆమె పుట్టింటి రాగి గిన్నె సంగతే చూడండి. వాళ్ల ఊరు జహ్లేలో ఎవరింట అంజూర పాకం మాట వచ్చినా, "మా ఆవిడ పాకం మాడ్చి గిన్నె కళాయి ఊడగొట్టింది" అని ఇరవై రెండేళ్లుగా చెప్పుకొస్తున్నాడు. గిన్నె అడుగున నెలవంకలా నల్లటి మచ్చ. అద్లా ఏడాదిపాటు వాదించింది. తర్వాత వాదన మానేసి, కళాయి మాత్రం పూయించకుండా, అందులో బట్టల క్లిప్పులు వేసుకుంది.

ఒక మంగళవారం ఊరి పెద్ద ఫౌజీ బేగ్ పట్టుగుడ్డలో పిస్తోలు చుట్టుకుని షుక్రీ పాత ఆయుధాల దుకాణానికొచ్చాడు. తాతల పేరిట దాన్ని మునిసిపాలిటీ భవనంలో అద్దాల పెట్టెలో పెట్టించాలని ఆయన కోరిక.

"ఎవరి చేయీ పడని సరుకని అమ్మేవాడు ఒట్టేస్తున్నాడు, అబూ తన్నూస్. వాడి ఒట్టు ఎవడిక్కావాలి? నువ్వు రాసి సంతకం పెట్టు, చాలు."

కొడుకు తన్నూస్ పేరు మీద ఊళ్లో అతను అబూ తన్నూస్, అద్లా ఉమ్ తన్నూస్. షుక్రీ సంతకానికి బీరూతు పట్నం దాకా విలువ. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. దుకాణం నడిచేదే దాని మీద.

"చెకుముకి పిస్తోళ్లని ఒకప్పుడు మందు టోపీతో పేలేలా మార్చేశారు బేగ్. ఇప్పుడేమో మళ్లీ వెనక్కి మార్చి, పుట్టినప్పటి నుంచీ ఇంతేనని అంటగడుతున్నారు. అలా మారిస్తే మర రంధ్రాలు పూడ్చిన జాడ ఉండాలిగా? ఏదీ? గొట్టం పక్కన మందు పోసే ఈ మందు పళ్లెం చూడండి, దీనితో పుట్టిందే!"

కాఫీ పళ్లెంతో అప్పుడే వచ్చిన అద్లా ఆగిపోయింది. పిస్తోలు పిడి మీద వెండి పిట్ట. ముక్కు లేదు. ఆ పిట్ట ఒకప్పుడు వారంపాటు వంటింటి కిటికీలోంచి ఆమెని చూసింది.

"అబూ తన్నూస్, ఈ పిట్టని నేనెరుగుదును."

"పిస్తోళ్లతో కూడా చుట్టరికాలు కలిపావా, ఉమ్ తన్నూస్?"

"కలం పట్టకముందు ఆ మందు పళ్లెం విప్పు."

"ఎందుకట?"

"కొలుద్దామని."

"విప్పవయ్యా," అని ఫౌజీ బేగ్ నవ్వాడు. "మా ఇంట్లోనూ ఇంతే, చెప్పింది చేస్తేగానీ కాఫీ దక్కదు."

అద్లా ఇంట్లోంచి ఆ రాగి గిన్నె తెచ్చి, క్లిప్పులన్నీ బల్ల మీద గుమ్మరించింది. షుక్రీ గొణుక్కుంటూ విప్పిచ్చిన ఇనుప ముక్కని నల్లమచ్చ మీద పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది. పక్కనున్న చిన్న నొక్కుతో సహా.

"వెనిగరు, ఉప్పు, పచ్చి అక్రోటు తొక్కలు," అంది. "కొత్త ఇనుముకి పాత రంగు రావాలని ఈ గిన్నెలోనే నానబెట్టావు. మా చెల్లెలి పురిటికెళ్లి వచ్చేసరికి తొక్కలు చెత్తబుట్టలో ఉన్నాయి, ఈ పిట్ట పిస్తోలు వంటింటి కిటికీలో ఉంది. ఆ ఏడు నేను అంజూరాలు పొయ్యెక్కించనేలేదు."

షుక్రీ భూతద్దం తీసి, గొట్టం పక్కనున్న నిప్పు రంధ్రాన్ని దీపానికెదురుగా పట్టాడు. లోపల, పూడ్చిన లోహం చుట్టూ, వెంట్రుక మందాన మర చుట్లు. ఒకప్పుడు మందు టోపీ తొడిగే ముక్క బిగించిన చోటు. ఇరవై రెండేళ్ల కిందట బస్కింతా అనే ఊరి నుంచి ఒక రైతు దీన్ని తెచ్చాడు. మా తాత పేల్చినట్టే చెకుముకితో పేలాలి అన్నాడు. కనబడే మరమ్మతు చేతకాని మరమ్మతని షుక్రీ నమ్మిన వయసు అది. మార్చినట్టు లోపలివైపు చిన్న గుర్తు కొట్టడం కూడా నామోషీ అనుకున్నాడు. వెతికేవాడికి మరమ్మతు కనబడాలని తెలిసొచ్చేసరికి జుట్టు నెరిసింది.

కాగితం ఎదురుగానే ఉంది. రాసిచ్చేసినా ఫౌజీ బేగ్‌కి ఆ చుట్లు ఎన్నటికీ కనబడవు. అద్లా అతనివైపు చూడకుండా క్లిప్పులు ఏరుకుంటోంది.

షుక్రీ కాగితం పక్కకి నెట్టాడు.

"ఇది చేయి పడిన సరుకే బేగ్. ఆ చేయి నాదే. మార్చిందీ నేనే, పోల్చుకోలేకపోయిందీ నేనే. పొరబడ్డాను."

ఫౌజీ బేగ్ పట్టుగుడ్డ మడతపెడుతూ అద్లా వైపు చూశాడు. ఆమె ఇంకా ఒక్కొక్క క్లిప్పే, తాపీగా, గిన్నెలో వేస్తోంది. టింగ్. టింగ్.

"గిన్నె కూడా," అన్నాడు షుక్రీ చివరికి, వీధిలోకి వినబడేంత గట్టిగా. "గిన్నె పాడుచేసింది కూడా నేనే."