నలభై అయిదో మార్పు

"ఎసరు మరుగుతున్నది. గా డబ్బాల ఏముందని గట్ల కండ్లార్పకుంట చూస్తున్నవ్?" అంది దేవవ్వ కంప్యూటర్ ముందున్న కోడలితో, వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతూ.

"లెటర్ అచ్చింది అత్తమ్మా. చదువుతున్న."

"ఎవలు రాసిండ్లు?"

కల్పన తెర మీద, ఉత్తరం కిందున్న పేరు మరోసారి చూసింది. రాసినవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నారు. ఆమె తయారుచేసిన వెబ్ పేజీని తమ కంప్యూటర్ల మీద ఉంచి నడిపే కంపెనీవాళ్లు. దాన్ని క్లౌడ్ అంటారని, కోరుట్లలో కరెంటు పోయినా పేజీ ఆగదని మొదటిరోజు చెప్పినప్పుడు దేవవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. "గట్లయితె మన నీళ్ల మోటరు గూడ ఆడనే పెట్టరాదు" అంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నాలుగో వారం. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. సమ్మె మొదట్లో సిరిసిల్లలో అమ్మకు జ్వరమని తెలిసి కల్పన బయల్దేరబోతే, ఏ జీపు ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్లే లేరు. మూడు గంటలు రోడ్డు మీద నిలబడి ఇంటికి తిరిగొచ్చింది. ఆ మర్నాడే, జగిత్యాల కాలేజీలో చదివిన బీఎస్సీ కంప్యూటర్స్‌ను దులిపి బయటికి తీసి, ఆ పేజీ రాసింది. కోరుట్ల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జగిత్యాలకు, ధర్మపురికి, సిరిసిల్లకు ఏ రోజు ఏ జీపు, ఎన్ని గంటలకు, డ్రైవర్ ఫోన్ నంబరు. అంతే. పక్క గల్లీ నాహీద్ డ్రైవర్లకు ఫోన్లు చేసి అడిగేది, కల్పన వాటిని విడిగా ఉన్న ఒక పట్టికలో తన ఫోన్ నుంచే ఎక్కించేది; పేజీ ఆ పట్టికను చూపేది. నాహీద్ భర్త ఖాలిద్ దుబాయ్‌లో తన గదిలోని వాళ్లందరికీ చెప్పాడు. ఇక అక్కడ మగవాళ్లు పేజీ తెరిచి చూసి, ఇక్కడ భార్యలకు ఫోన్ చేసి చెప్పడం మొదలైంది. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉన్న మనిషికి ఇబ్రహీంపట్నం జీపు సంగతి దుబాయ్ నుంచి తెలిసేది.

ఉత్తరంలో కొత్త సౌకర్యాల గురించి రాశారు. పేజీలో ఇప్పటిదాకా చేసిన, ఇకమీదట చేసే ప్రతి మార్పుకూ ఒక అంకె పడుతుంది. ఎవరు చేశారో పేరు పడుతుంది. ఏ మార్పు వల్లనైనా పేజీ చెడితే, ఒక్క నొక్కుతో అంతకు ముందరి అంకెకు వెళ్లిపోవచ్చు. పనిలో తోడున్నవాళ్లను ఆహ్వానిస్తే, వాళ్ల పేరుతో వాళ్లు లోపలికి రావచ్చు. చివర చిన్న అక్షరాల్లో ఇంకొకటి: పోయిన వారం ఇరవై నిమిషాలు పేజీలు ఆగాయి, తప్పు మాదే, మన్నించండి, ఎందుకు జరిగిందంటే ఇదీ కారణం.

కల్పన ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషికి, అదీ పైసా తీసుకోకుండా సేవ చేస్తూ, ఇంత మర్యాదగా తప్పు ఒప్పుకునేవాళ్లు ఉంటారా? కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నె పక్కకు నెట్టే ఇంట్లో, తలుపు గడియ వేయడం ఎవరు మరిచారో ఎనిమిదేళ్లుగా తేలని ఇంట్లో, ఆమెకు ఆ నాలుగు ముక్కలు చల్లగా తగిలాయి. చక్కగా పనిచేయడం ఒక గొప్ప. చేసిన చేతికి పేరు పెట్టడం ఇంకో గొప్ప. ఉదయం ఎవరు లేచి నీళ్లు పట్టారో, ఎవరి బట్టలు ఎవరు పిండారో ఈ ఇంట్లో ఏ గోడ మీదా రాసుండదు. వీళ్లు మాత్రం ఒక కామా మార్చినా మనిషి పేరు రాస్తారట.

ఆశగా ఆ మార్పుల చరిత్ర తెరిచింది. నలభై మూడు మార్పులు. నలభై మూడింటి పక్కనా ఒకే పేరు: శ్రీధర్.

ఖాతా భర్త పేరున తెరిచింది తనే. గ్యాసు కనెక్షన్, సిమ్ కార్డు, ఈ ఇంట్లో ఏది తీసుకున్నా చేయి దానంతటదే ఆ పేరు రాసేస్తుంది. శ్రీధర్ టీచరు, సమ్మెలో ఉన్నాడు. దీక్షా శిబిరంలో పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్న రోజున, ఆయన పదకొండు గంటలకు పేజీలో ధర్మపురి వరుసను పైకి జరిపినట్టు అక్కడ రాసుంది. కల్పనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది. ఆహ్వానం ఎలా పనిచేస్తుందో చూద్దామని తన మెయిల్‌కు ఒకటి పంపుకుంది. ఈలోగా ఎసరు పొంగింది.

మధ్యాహ్నం శ్రీధర్ హుషారుగా వచ్చాడు. "శనివారం హైదరాబాద్ నుంచి పెద్దలు శిబిరానికి వస్తున్నరు. మన పేజీ చూపిస్తరట. నాకు శాలువా కప్పుతరట."

"మీకా?"

"ఎవలకైతె ఏంది, ఇంట్లకే గద. మీద పెద్దల ఫోటోలు పెట్టు. కింద నాది. జీపులు దాని కింద."

"ఫోటోలు పెడితె ఫోన్లల్ల తెరుచుకోదండి. జీపుల కోసం చూసెటోళ్లకు నంబర్లు గావాలె."

"నీకు బయటి పద్ధతి తెల్వది. చెప్పింది చెయ్యి."

చెప్పింది చేసింది. ఆరు ఫోటోలు. నలభై నాలుగో మార్పు, శ్రీధర్.

గురువారం సాయంత్రం ఆయన పాస్‌వర్డ్ మార్చాడు. నలుగురి ముందు తెరిచేది కదా, జాగ్రత్త ఉండాలన్నాడు. కొత్తది ఏమిటో చెప్పలేదు.

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. అందరూ ఒకేసారి పేజీ తెరిచే రోజు. పొద్దున పదింటికి నాహీద్ ఫోన్ చేసింది. "అక్కా, ఏం చేసినవే? ఖాలిద్ అరగంట సంది తిప్పలు పడుతున్నడు. ఎవని మీసమో సగం కనవడుతున్నదట, నంబర్ అస్తలేదట!"

"నీ దగ్గర నంబర్లు ఉండాలె గద?"

"ఇయ్యాల కొత్త జీపులు. డ్రైవర్ నర్సింగం పొద్దుగాల నీకే మెసేజ్ ఇచ్చిండు, నువ్వు ఎక్కించినవ్. ఆయన ఫోన్ ఇప్పుడు కలుస్తలేదు. మా ఆడబిడ్డ జేబా ఇబ్రహీంపట్నం రోడ్డు మీద నిలవడ్డది. ఎనిమిదో నెల. కాళ్లు వాచినయి, కండ్లు మసకలైతున్నయట. జగిత్యాల దవాఖానకు పోవాలె. ఏ జీపో, ఏడ ఆగుతదో తెల్వది."

కల్పన తన ఫోన్లో వెతికి జీపు టైము చెప్పింది: పదిన్నర, పోస్టాఫీసు ముందట. "జేబాకు చెప్పు, ఉరుకు. తక్కినోళ్లది నేను చూస్త."

తక్కినవాళ్లు. రోడ్ల మీద ఇంకెందరు జేబాలు నిలబడ్డారో! కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత పాస్‌వర్డ్ కొడితే తలుపు తెరుచుకోలేదు. శ్రీధర్‌కు మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. శిబిరంలో ఉపన్యాసాలు నడుస్తున్నట్టున్నాయి. తను కట్టిన ఇంటి బయట తనే చెప్పులు విప్పుకుని నిలబడ్డట్టనిపించింది. అప్పుడు తన మెయిల్లో మూడు రోజులుగా పడి ఉన్న ఆహ్వానం గుర్తొచ్చింది. తెరిచింది. 'మీ పేరు?' అని అడిగింది తెర. 'కల్పన' అని రాసింది. లోపలికి పోయి నలభై మూడో అంకె మీద నొక్కింది.

నిమిషం కూడా పట్టలేదు. ఫోటోలు పోయాయి. తెల్లని పేజీ మీద నల్లని నంబర్లు నిలిచాయి. పట్టిక వేరు కాబట్టి పొద్దుటి జీపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తెర మీద పక్కనున్న ఇంకో కిటికీలో, పేజీ తెరుస్తున్నవాళ్ల జాడ ఒక్కో గీతగా కదులుతోంది. మొదట ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కకందకుండా. ఎంత అందమైన పని! ఏ దేశంలోనో కూర్చుని ఈ గీతలు గీసినవాళ్లకు జేబా ఎవరో తెలియదు. అయినా ఒక రోజు ఎవరో పొరపాటు చేస్తారని, వెనక్కి తిరిగే దారి ఉండాలని ముందే ఆలోచించి పెట్టారు. మనిషి మీద అంత దయ ఉంటే తప్ప అలాంటి పని చేయలేరనుకుంది.

పన్నెండింటికి నాహీద్ గొంతు తేలికపడింది. "దవాఖానల చేర్పిచ్చిండ్లక్కా. బీపీ మస్తుగున్నదట, ఇంకింత ఆలస్యమైతె ఖతర్నాక్ ఉండె అన్నరట."

సాయంత్రం శ్రీధర్ అడిగాడు. "పేజీ మంచిగున్నది గద?"

"అందరికి మంచిగ తెరుచుకుంటున్నది" అంది. అది నిజం.

"నా తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి."

చేసింది. కాలరు దగ్గర రెండుసార్లు రుద్దింది. ఫోటోలు మాత్రం మళ్లీ పెట్టలేదు. కోపంతో కాదు. పేజీ ఎలా ఉండాలో ఆమెకు తెలుసు, అంతే.

శనివారం పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. వెనక మైకు గరగర, జై తెలంగాణ నినాదాలు.

"ఫోటోలేవి?" శ్రీధర్ గొంతు తగ్గించి అన్నాడు. "ల్యాప్‌టాప్ చుట్టు అందరు నిలవడ్డరు. ఎవలు తీసిండ్లు?"

"చరిత్ర అని ఉంటది, తెరువుండ్రి. నిన్న ఆ ఫోటోలతోటి జేబాకు జీపు నంబరు తెరుచుకోలేదు. ఆఖరి మార్పు పక్కన ఎవలు చేసిండ్లో ఉంటది."

కీబోర్డు చప్పుడు. ఎవరో ముసలి గొంతు దగ్గరగా వినిపించింది. "గీ పని ఎవలు చేసిండ్లు సారూ? చాన అక్కరకస్తున్నది. మా కోడలు దీన్ని చూసే నిన్న సాయంత్రం దవాఖానకు పోయింది."

"అది..." శ్రీధర్ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటామె చేసింది."

కల్పన ఫోన్ చెవికి దగ్గరగా పట్టుకుంది.

"ఆడ గట్ల రాసి లేదండి. ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి."