పేర్లతో నిండిన నల్లబల్ల

నేను ఒక నల్లబల్లను. అలా చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే నా ఒంటి మీద నలుపు వెతికితే గానీ కనపడదు. కృష్ణ ఒడ్డున ఉన్న కొత్తరేవుపాలెం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నన్ను గోడకి బిగించారు. నన్ను చూడటానికి చాలామంది వస్తారు. నా మీద రాయడానికి మాత్రం ఎవరూ సాహసించరు.

నా పుట్టుకకి కారణం సౌభాగ్యం. మూడో తరగతి పాప తల్లి, ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకుంటుంది. బడి వదిలాక వీధుల్లో తిరిగే పిల్లల్ని కూర్చోబెట్టి రోజూ ఒక గంట చదువు చెబుతాననీ, ఊరికే చెబుతాననీ ఆవిడంతట ఆవిడే ముందుకొచ్చింది. హెడ్మిస్ట్రెస్ దయామణి టీచర్ సంతోషించారు గానీ ఒక షరతు కూడా చెప్పారు.

"వేసవి సెలవల ముందు మండల విద్యాధికారి గారొచ్చి చూస్తారమ్మా. పిల్లలు లెక్క చెయ్యగలిగితే నీ తరగతి ఉంటది. లేదంటే ఆపెయ్యమంటారు. నా చేతుల్లో ఏం లేదు."

సౌభాగ్యం సరేనంది. పాత బల్లకి చెదలు పట్టింది కాబట్టి ఒక్క కొత్త బల్ల ఇప్పించమంది. ఆవిడ అడిగింది అంతే.

తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు గంధం పోతురాజు గారు ఇటుకబట్టీ యజమాని. వ్యానెక్కించి కాన్వెంటుకి పంపే స్తోమత ఉన్నా కూతురు హారికని ఈ బడిలోనే వేసిన మనిషి. "మన బడికి మనం చెయ్యకపోతే ఎవుళ్ళు చేత్తారు? చెక్క నాది!" అని లేచాడు. ఆ మాటతో అందరికీ ఊపొచ్చింది. ఒకాయన మేకులన్నాడు, ఒకాయన వార్నిష్ అన్నాడు. ఇంకొకాయన తన ఆటోలో నన్ను మోసుకొస్తానన్నాడు. ఒకావిడ వడ్రంగికి టీలు పోస్తానంది. ఇవ్వడానికి ఏమీ లేని ఒక పెద్దమనిషి, వడ్రంగి తన వేపచెట్టు కిందే కూర్చుని పనిచేస్తాడు కాబట్టి తనని నీడదాతగా గుర్తించాలని పట్టుబట్టాడు. గుర్తించారు.

మన బడుల్లో ఒక ఆచారం ఉంది. ఎవరేమిచ్చినా దాని మీద వాళ్ళ పేరు రాయిస్తారు. బీరువా ఇస్తే తలుపు మీద, గడియారం ఇస్తే అంకెల మధ్య, ఫ్యాను ఇస్తే రెక్కల మీద. ఫ్యాను మీది పేరు తిరుగుతున్నప్పుడు కనపడదు కాబట్టి మా ఫ్యాను దాత కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉంటాడు. మరి బల్ల ఇస్తే ఎక్కడ రాయించాలి? ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ రాలేదు. ఆర్టిస్ట్ జాన్సన్‌ని పిలిచి, తెల్ల ఎనామిల్ డబ్బా చేతికిచ్చి, బల్ల మీద రాయమన్నారు. అతను బల్ల మీద రాశాడు.

అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో పోతురాజు గారి పేరు. కింద మేకుల దాత, వార్నిష్ దాత, రవాణా దాత, టీ దాత, నీడ దాత. ఇంటిపేర్లు, తండ్రిపేర్లు, ఇద్దరికి బిరుదులు. పొద్దు వాలేసరికి నా కుడివైపు కింది మూలన అరచేతంత చోటు మిగిలింది. అది కూడా రంగుడబ్బా దాతకి అట్టేపెట్టిందే. ఆయన పెళ్ళికని వెళ్ళి ఇంకా రాలేదు.

ఆ అరచేతిలోనే సౌభాగ్యం తరగతి మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం రాయడం, చెరపడం, పక్క అక్షరం రాయడం. 'ఉష్ణోగ్రత' అని రాయాలంటే చివరికొచ్చేసరికి పిల్లలకి మొదలు గుర్తుండేది కాదు. ఏనుగు బొమ్మ వేయాల్సొచ్చినప్పుడు తోక వరకే వేసి మిగతాది ఊహించుకోమంది. పిల్లలు గేదెని ఊహించుకున్నారు.

ఇంత జరిగినా కమిటీకి నిద్రపట్టలేదు. సుద్దపొడి ఎగిరి పేర్ల మీద పడుతోందని ఫిర్యాదు వచ్చింది. దాంతో తండ్రులు వంతులవారీగా స్వచ్ఛంద సేవకి దిగారు. సేవ ఏమిటంటే, తరగతి జరుగుతున్నంతసేపూ నా పక్కన నిలబడి మెత్తటి గుడ్డతో పేర్లు తుడవడం. తర్వాత ఒకాయన నాకు కర్టెన్ కుట్టించాడు. కర్టెన్ మీద కర్టెన్ దాత పేరు. దాన్ని వేలాడదీసిన తాడుకి ఒక అట్టముక్క, దాని మీద తాడు దాత పేరు.

పోతురాజు గారు మాత్రం మధ్యాహ్నాలు ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొచ్చేవాడు. ఇటుకలు కొనడానికి వచ్చినవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఒకసారి దారినపోయే సోడాబండి అతను. కర్టెన్ లాగి, "పైన రాసుంది, చదువు. గట్టిగా చదువు" అనేవాడు. వాళ్ళు చదివేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఇంత కీర్తికాంక్ష ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదని చిరాకుపడేదాన్ని.

విద్యాధికారి రానే వచ్చారు. దాతలందరూ ఇస్త్రీ బట్టలతో గోడ వెంబడి నిలబడ్డారు. ఆయన హారికని లేపి, నలభై ఏడూ ముప్ఫై ఎనిమిదీ బల్ల మీద కూడమన్నారు. హారిక సుద్దముక్క ఎత్తింది.

"ఏయ్ అమ్మాయ్! మేకుల మీద పడుద్ది!"

"నీడ మీద చెయ్యి పెట్టమాక!"

హారిక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. విద్యాధికారి కలం తీశారు. సౌభాగ్యం ముఖం పాలిపోవడం నేను చూశాను. ఇన్నాళ్ళ కష్టం నా మూలంగానే పోతోందని నాకు తల కొట్టేసినట్టయింది.

"కింద రాయి తల్లీ," అంది సౌభాగ్యం.

ఎప్పుడూ అరచేతంత చోటు తప్ప చూడని పిల్లకి గచ్చంతా దొరికింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఏడు వేస్తే మంచమంత అయింది. దాని కింద ఎనిమిది గోడ దాకా పోయింది. పదుల స్థానానికి గదిలో చోటు చాలక, నాలుగునీ మూడునీ గుమ్మం దాటి వెళ్ళి ఎదురుగా ఉన్న సిమెంటు రోడ్డు మీద వేసొచ్చింది.

"ఏడూ ఎనిమిదీ పదిహేను. ఐదేసి, ఒకటి చేతిలో," అని గుప్పిట గట్టిగా మూసుకుని బయటికి పరుగెత్తింది. పదుల స్థానంలో ఒక గేదె నిలబడి ఉంది. హారిక ఆగింది. అందరూ ఆగారు.

"చేతిలో ఉందా, పోయిందా?" అని కేకేశారు విద్యాధికారి. ఆయనకి కూడా ఆత్రం పుట్టింది.

"ఉంది సార్!"

మేకుల దాత వెళ్ళి గేదెని తోలాడు. హారిక నాలుగునీ మూడునీ చేతిలో ఒకటినీ కలిపి కింద ఎనిమిది వేసింది. విద్యాధికారి రోడ్డు మీదికి వెళ్ళి ఎనిమిది చూసి, లోపలికొచ్చి ఐదు చూసి, ఇంకోసారి బయటికెళ్ళి సరిచూసుకుని, ఎనభై ఐదేనని ఒప్పుకున్నారు. తరగతి ఉంటుందన్నారు. సౌభాగ్యం కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాటి నుంచి తరగతి రోడ్డు మీదికి మారిపోయింది. ఏనుగుని తొండంతో సహా వేశారు. నేను గదిలో కర్టెన్ వెనకాల క్షేమంగా ఉండిపోయాను. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

దాతలకి మళ్ళీ పనిపడింది. ఆ రోడ్డుకి అంచు ఇటుకలు పోతురాజు గారివి. ఆయన జాన్సన్‌ని, రంగుడబ్బాని వెంటేసుకుని దిగాడు. కర్టెన్ సందులోంచి, తెరిచిన గుమ్మంలోంచి నాకంతా కనపడుతూనే ఉంది. సౌభాగ్యం అడ్డుపడింది.

"ఎవరి పేరన్నా రాసుకోండి అన్నయ్య గారూ. రంగొద్దు. ఇదిగో సుద్దముక్క, ఎవరిది వాళ్ళే రాసుకోండి. పిల్లలు తుడిచేత్తే రేపొచ్చి మళ్ళా రాద్దురుగాని."

మిగతావాళ్ళు ఉత్సాహంగా గొంతుక్కూర్చుని రాసేసుకున్నారు. నీడ దాత వేపచెట్టు బొమ్మ కూడా వేశాడు. పోతురాజు గారు సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. "నాన్నా, రాయి," అంది హారిక. ఆయన బట్టీలో పనుందని గొణిగి, దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి గంట కొట్టకముందే ఆయన ఒక్కడే వచ్చాడు. వెంట చదివేవాళ్ళెవరూ లేరు. కర్టెన్ లాగి, హారిక పలక ఒళ్ళో పెట్టుకుని నా ముందు కింద కూర్చున్నాడు. నన్ను చూసి ఒక గీత, పలక చూసి ఒక గీత. తన పేరుని ముగ్గు దింపుకున్నట్టు దింపుకుంటున్నాడు. నాకప్పుడు గానీ అర్థం కాలేదు. ఆయన్ని తిట్టుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తలుపు తీసి ఉండటం చూసి సౌభాగ్యం లోపలికొచ్చింది. ఆయన పలక దాచుకోబోయాడు. ఆవిడ పక్కన కూర్చుని చూసింది. గుండ్రాలు బాగానే వచ్చాయి. చివరి అక్షరం కింద మాత్రం ఒక పొడుగాటి గీత ఉంది.

"అది అక్షరం కాదు అన్నయ్య గారూ. అక్కడ రంగు కారింది."

"ఓహో. నాదే అనుకున్నానమ్మా," అన్నాడు పోతురాజు గారు. ఆ గీతని వేలితో తుడిచేసి, తలెత్తి నావైపు చూసి, "ఇప్పుడు మొదట్నుంచి చెప్పు," అన్నాడు.