అష్టా పడ్డాక

నేను ఒక గవ్వను. చేతులంటే నాకు భయం.

సముద్రంలో ఏదో పురుగు తన ఒంటికి రక్షణగా నన్ను కట్టుకుంది. అది చచ్చాక ఒడ్డుకు కొట్టుకొచ్చాను. సంతలో మరో ముగ్గురితో జతపడి, విశాలాక్షి టీచరు కూతురి చేతికి చేరాను. అష్టాచెమ్మాలో కాయ చచ్చినా ఆ పిల్ల నవ్వేది. పోయినేడు ఆ పిల్లే పోయింది. టీచరు మమ్మల్ని బడికి తెచ్చి సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

ఈ జూన్‌లో బడి హాస్టల్లో నలభై సీట్లకు మూడొందల దరఖాస్తులు వచ్చాయి. అందరి ముందూ కంప్యూటర్ లాటరీ తీసింది. నలభయ్యో పేరు నీలవేణిది. తల్లి అప్పాయమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడే టీచరు, కంప్యూటర్‌ను సరిచూడడానికి నిన్న తీసిన జాబితాను పక్కన పెట్టి చూశారు. రెండూ ఒకటే.

కంప్యూటర్ మాస్టారు ఫణీంద్ర ముఖం పాలిపోయింది. "మొదట ఇచ్చే అంకె మార్చడం మర్చిపోయానండి. పేర్లు కలగాపులగం చెయ్యడం దానికి సొంతంగా రాదు. అదే అంకె ఇస్తే అవే పేర్లు ఇస్తుంది."

"అంటే నిన్ననే మీకు తెలుసన్నమాట!" అన్నారెవరో.

మళ్లీ తీయాల్సిందే. ఎవరికీ ముందు తెలియని అంకె కావాలి. టీచరు సొరుగు తెరిచారు.

"కంప్యూటర్‌కీ గవ్వలేనా? నయం, చిలకను తేలేదు!" అన్నాడు జనంలో ఒకాయన. అందరూ నవ్వారు.

అప్పాయమ్మ మాత్రం నవ్వలేదు. "మా పిల్ల పేరొచ్చింది గదమ్మా. ఇప్పుడు పోతే రేపట్నుంచి రొయ్యల షెడ్డులో పనికే."

"తెలుసమ్మా. గవ్వలు నీ కూతురే వేస్తుంది," అన్నారు టీచరు. ఆరు పందేలని బోర్డు మీద రాశారు. పడిన ఆరు లెక్కలూ వరసగా పెడితే అదే అంకె.

నీలవేణి గుప్పిట తడిగా ఉంది. నేను ఎటు తిరిగి పడితే ఎవరికి సీటో, ఎవరికి షెడ్డో నాకేం తెలుసు? ఆరోసారి నలుగురం బోర్లా పడ్డాం.

"అష్టా! ఇంకో పందెం ఉంది టీచర్!" అంది నీలవేణి.

ఆటలో అది నిజమే. అష్టా పడితే మళ్లీ వెయ్యాలి. ఆ మాట, అలాంటి గొంతుతోనే, ఇంతకుముందు ఒక ఇంట్లో చాలాసార్లు విన్నాను. టీచరు మమ్మల్ని ఏరి తన గుప్పిట్లోకి తీసుకున్నారు.

"ఇది ఆట కాదమ్మా," అన్నారు మెల్లగా.

మాస్టారు ఎనిమిది కొట్టారు. నలభై పేర్లు వచ్చాయి. వాటిలో నీలవేణి లేదు.

ఆమె చోట ఎవరి పిల్ల చేరిందో నాకు తెలియదు. మళ్లీ సొరుగులో ఉన్నాను. తాళం చప్పుడైతే వణుకుతాను. నీలవేణి వెయ్యాల్సిన పందెం ఇంకా మా దగ్గరే ఉంది.