మాటల ప్లాను

పొద్దున్న ఏడు దాటింది. మార్కెట్ యార్డు షెడ్డు కింద తొమ్మిదిమంది ఆడవాళ్లు బెల్లం దిమ్మలకు గోనెపట్టా చుట్టి దబ్బనాలతో కుడుతున్నారు. కొర్లమ్మ బయట నిలబడి ఉంది. చేతిలో క్యారేజీ ఉంది, దబ్బనం ఉంది, పని మాత్రం లేదు. ఇలా నిలబడడం వరసగా ఇది మూడో రోజు.

"నాకు ఫోను సెయ్యలేదేటి మేస్త్రిబాబూ?"

త్రినాధరావు తన ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఫోన్లు మానేసేమని ఆ రోజే సెప్పేను కదా. ఇప్పుడంతా గ్రూపే. ఎన్ని లోడ్లో, ఎంతమంది కావాలో తెల్లారగట్ట ఐదింటికి అందులో పెడతాను. ముందు బొటనేలు బొమ్మ నొక్కినోళ్లకి పని."

చెప్పిన మాట నిజమే. కొర్లమ్మ విన్నది కూడా. కానీ పద్దెనిమిదేళ్లుగా కుడుతున్న మనిషిని, తనకు మాత్రం ఫోను చెయ్యకుండా ఉంటాడా అనుకుంది. సీజనులో ప్రతి తెల్లవారుజామునా అతను చేసేవాడు. "కొర్లమ్మా, వచ్చీ," అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. ఆ పిలుపు మీదే ఆ ఇల్లు నడిచింది. ఇదే యార్డులో బస్తా కింద పడి తుంటి విరిగిన మొగుడు ఎర్రయ్య, నాలుగేళ్లుగా ఆ పిలుపు మీదే రెండు పూటలా తింటున్నాడు.

పదిరోజుల కిందట రీచార్జి అయిపోతే కశింకోట సెంటర్లో నానాజీ కొట్టుకి వెళ్లింది. నానాజీ మంచివాడు. అడగ్గానే ఏదో ఒకటి ఎక్కించి పంపెయ్యలేదు.

"నీకు ఫోనుతో ఏటవసరమో ముందు సెప్పప్పా," అన్నాడు.

ఆమెకు ఏం కావాలో అడిగినవాళ్లు తక్కువ. అందుకని కొర్లమ్మ నింపాదిగా ఆలోచించి మరీ చెప్పింది. మేస్త్రి పిలిస్తే మోగాలి. మధ్యాన్నం ఎర్రయ్య తిన్నాడో లేదో కనుక్కోవాలి. చీడికాడలో ఉన్న చెల్లితో వారానికోసారి మాట్లాడాలి. మరేమీ అక్కర్లేదు.

"మరి నెట్టు నీకెందుకు? నెట్టున్నది రెండొందలు, ఇరవయ్యెనిమిది రోజులకే. నెలకోసారి అనుకుంటాం గానీ ఏడాదికి పదమూడుసార్లు కట్టాల. ఇది సూడు, ఒట్టి మాటలే. నాలుగొందల అరవై, ఎనభైనాలుగు రోజులు. పండగలూ పబ్బాలూ దాటిపోద్ది."

రోజు కూలి మూడొందల యాభై. అయినా లెక్క సరిపోయిందనిపించి ఇచ్చేసింది. నానాజీ మోసం చెయ్యలేదు. ఆమె పొరపాటు పడలేదు. అవసరానికి తగిన ప్లానే తీసుకుంది. కాకపోతే ఆ అవసరం ఎవరి చేతిలో ఉందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వారం తిరక్కుండా బెల్లం షావుకారు కొడుకు వెంకటసాయికృష్ణ, విశాఖపట్నంలో వ్యాపారం చదువుకొచ్చినవాడు, ఈ గ్రూపు పెట్టించాడు. ఇన్నిన్ని ఫోన్లు చేసి ఒక్కొక్కళ్లనీ బతిమాలడం దేనికన్నాడట. ఎవరు ఎవర్ని బతిమాలుతున్నారో ఆ అబ్బాయికే తెలియాలి.

ఆ మూడో రోజు యార్డు నుంచి ఆమె నేరుగా నానాజీ దగ్గరికే వెళ్లింది.

"ఇది తీసేసి నెట్టుది ఎయ్యి బాబూ."

"ఎక్కించింది ఎనక్కి రాదప్పా. దీని మీదే నెట్టు విడిగా ఎయ్యాల. వారానికి డెబ్బై." చెప్పడానికి నానాజీకే సిగ్గేసింది. డబ్బులు తీసుకుని, అద్దం పగిలిన ఆమె ఫోనులో గ్రూపు పెట్టి, వేలెక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించాడు.

అప్పటినుంచి కొర్లమ్మకు నిద్ర లేదు. నాలుగింటికే లేచి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మొదటి రోజు కబురు చదివేలోపే తొమ్మిది వేళ్లూ పడిపోయాయి. రెండో రోజు తొమ్మిదో వేలు ఆమెది. ఆ రోజు పక్కింటి వరహాలక్ష్మికి పని దొరకలేదు. ఇద్దరూ ఏళ్లతరబడి ఒకే షేర్ ఆటోలో వెళ్లినవాళ్లు. ఒకరి క్యారేజీలో కూర ఇంకొకరు తిన్నవాళ్లు. సాయంత్రం కుళాయి దగ్గర కొర్లమ్మ పలకరిస్తే వరహాలక్ష్మి బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాటినుంచి ఆమె తన కూతురు పింకీని లేపి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల వేలు చురుగ్గా పడుతుంది. ఆ వారంలో కొర్లమ్మకు దొరికినవి రెండు రోజులు.

సోమవారం ఐదింటికి ఫోను గుర్రుమంది. ఐదో తరగతి చదువుతో కొర్లమ్మ కూడబలుక్కుని చదివింది. ఆరు లోడ్లు. ఆరుగురు చాలు. ఈరోజు నుంచి కూలి మూడు వందలు. ఇష్టమున్నవాళ్లు వెయ్యండి.

అప్పటికి ఒక్క వేలూ పడలేదు. అందరికంటే ముందు చూసింది తనే. వేలు అద్దం దాకా వెళ్లి ఆగిపోయింది. కోపం వచ్చింది. నిద్ర పోయింది, స్నేహం పోయింది, ఇప్పుడు యాభై రూపాయలు కూడా పోవాలి, అదీ తన వేలితో తనే నొక్కి. చూస్తూండగానే ఒకటి, రెండు, ఆరు పడిపోయాయి. ఆరోది వరహాలక్ష్మిది. ఆ ఆరుగురి మీదా కొర్లమ్మకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఎర్రయ్యకు గంజి కాచి ఇచ్చి, ఆటో ఎక్కి యార్డుకి వచ్చింది.

"ఏలెయ్యకుండా వచ్చేవేటి?" అన్నాడు త్రినాధరావు.

"ఎయ్యనని సెప్పడానికే వచ్చేను."

"దానికింత దూరం రావాలేటి? ఊరుకుంటే సరిపోయేది కదా."

"ఊరుకుంటే సూడలేదనుకుంటారు. నెట్టు లేదనుకుంటారు. సూసేను బాబూ, అందరికన్నా ముందే సూసేను. మూడొందలకి నాను కుట్టను. పాత కూలిచ్చి, పేరెట్టి పిలిత్తే వత్తాను."

త్రినాధరావు షెడ్డు కేసి ఒకసారి చూసి గొంతు పెంచాడు.

"నువ్వు కుట్టకపోతే బెల్లం ఉండిపోద్దా? గ్రూపులోంచి తీసేత్తాను. మరింక ఈ యార్డులో అడుగెట్టలేవు."

"తియ్యండి."

అక్కడే, ఆమె ఎదురుగానే, ఫోను మీద రెండుసార్లు నొక్కి తీసేశాడు. ఇంత తేలికా అనిపించింది కొర్లమ్మకు. పద్దెనిమిదేళ్లు, రెండు నొక్కులు. రేపటి బియ్యం గుర్తొచ్చింది. అయినా ఆమె కదల్లేదు. షెడ్డు ముందు సిమెంటు గట్టు మీద కూర్చుంది.

లోపల వరహాలక్ష్మి దబ్బనానికి పురికొస ఎక్కించబోతూ ఆగింది. లేచి రాలేదు. కొర్లమ్మ కేసి చూడను కూడా లేదు. కానీ పురికొస ఎక్కించలేదు.

"కానీండి, కానీండి," అన్నాడు త్రినాధరావు.

వరహాలక్ష్మి పక్కనున్న మనిషి ఆమె మొహం చూసి, చేతిలోని గోనెపట్టా ఒళ్లో పెట్టుకుంది. ఆరు లోడ్ల బెల్లం ఎండలో చెమరుస్తోంది. మేస్త్రి మళ్లీ అరిచాడు. ఈసారి ఒక్కొక్కళ్లనీ పేరుపేరునా.

ఎవరూ పలకలేదు.