వంచి చూడని పదకొండు ముక్కలు

ఈ పని చేసింది మీరే. పదకొండు మందిని పిలిచి, చేతికి ఇనుము ఇచ్చి, పరీక్ష అన్నారు. ఆ ఇనప ముక్కల్ని గోడవతల పారేసి అందరూ పాసన్నారు. సీతమ్మధారలో అద్దాల తలుపు వెనక కూర్చున్న మేనేజరూ, బొంబాయిలో ఉండి ఫోన్లో మాత్రమే వినపడే అతని పైవాడూ, ఎక్కడో పర్షియా నూనె బావుల పక్కన మనుషుల కోసం కాచుక్కూచున్న ఆ పేరు లేని కంపెనీవాడూ, ముగ్గురూ కలిసే చేశారు. మాకు తెలీదండీ అనకండి. తెలిసే చేశారు. మీ బండారం ఎలా బయటపడిందో తిరుమలరావుని అడిగితే చెప్తాడు.

తిరుమలరావు వెల్డరు. పైపుకి పైపు అతకడంలో ఇరవై రెండేళ్లు. పుట్టింది చీపురుపల్లి అవతల మెట్ట పల్లెలో. అన్నలిద్దరూ ఇంకా అక్కడే గోగూ చోడీ పండిస్తున్నారు, ఇతను మాత్రం పదోక్లాసు కాగానే గాజువాక వచ్చి పడ్డాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద చేశాడు, పోర్టులో ఆయిలు లైన్ల మీద చేశాడు, రెండుసార్లు కువైట్ వెళ్లొచ్చాడు. కూర్మన్నపాలెంలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఆ కువైట్ చలవే. కాబట్టి బయటిదేశం అనగానే భయపడే రకం కాదు. అతను వెళ్తున్నాడంటే వెనకాల పదిమంది పేర్లిస్తారు. ఈసారీ అలాగే ఇచ్చారు. పాస్‌పోర్టులు కూడా మేనేజరు చేతికి ఇచ్చారు. శనివారం ప్రయాణం.

మేనేజరు ఉదయ్‌కుమార్ చెప్పిన మాటల్లో అబద్ధం ఎంతో నిజమూ అంతే. అక్కడి పైపులైన్లు మన నాన్నల కాలం నాటివి, ఆంక్షల వల్ల ఏళ్ల తరబడి ఎవరూ సామాన్లు అమ్మలేదు, మనుషుల్ని పంపలేదు, ఇప్పుడు తలుపు కాస్త సందు ఇచ్చింది, ముందు దూరినవాడిదే పని అన్నాడు. జీతం ఇక్కడి కంటే మూడింతలు. పైగా మీరు కూలీలు కాదు, టెక్నికల్ సర్వీస్ ప్రొవైడర్లు అన్నాడు. ఆ మాట బాబీకి బాగా ఎక్కింది. బాబీ హార్బరు దగ్గర జాలర్ల కుర్రాడు, ముప్పై ఏళ్లు, పదకొండు మందిలో చిన్నవాడు. నాలుగు రోజులు టీ బడ్డీ దగ్గర ప్రొవైడర్ని ప్రొవైడర్ని అని తిరిగాడు. ప్రొవైడరు గారూ, ఈ పూట టీలు మీరే పొయ్యించాల అని మిగతావాళ్లు ఏడిపించారు.

వెల్డర్లకి ఒక అలవాటుంది. పరీక్షలో రెండు పైపు ముక్కలు అతుకుతారు. అతుకు పక్కన ఎవడి నంబరు వాడు పంచ్‌తో కొట్టుకుంటాడు. తర్వాత ఆ అతుకుకి అడ్డంగా పట్టీలు కోసి, యంత్రంలో పెట్టి గుర్రపు లాడంలా వంచుతారు. పగిలితే ఫెయిలు, నిలబడితే పాసు. నిలబడ్డ పట్టీని ఆ మనిషి ఇంటికి తెచ్చుకుంటాడు. తిరుమలరావు ఇంట్లో అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది తీగకి గుచ్చి మేకుకి వేలాడుతుంటాయి, తొమ్మిదోది కిటికీ రెక్క కొట్టుకోకుండా భార్య అడ్డం పెట్టింది. పదోదాని కోసం బుధవారం పొద్దున్నే ఆటోనగర్ వెనక వీధిలో, ఆదివారం పరీక్ష పెట్టిన షెడ్డుకి వెళ్లాడు.

వాచ్‌మన్‌కి అతను అడిగేదేమిటో ముందు బోధపడలేదు. పట్టీలేటి, ఇక్కడ ఎవరూ ఏదీ కొయ్యలేదే, కోసే మిషనే లేదు కదా అన్నాడు. మీ పైపులా, అవి గోడెనక తుప్పల్లో ఉన్నాయి, సామాన్లోడు వస్తే తీసుకుపోతాడు అని చేయి చూపించాడు.

తుప్పల్లో పదకొండూ ఉన్నాయి. ఒక్కదానికీ రంపం తగల్లేదు. ఎప్పట్నించో వాడే తన నంబరు పద్నాలుగు, తన ముక్క మీద మెరుస్తూనే ఉంది. తిరుమలరావు గొంతుక్కూచుని, ఫోను లైటు వేసి, ఒక్కొక్క పైపు లోపలికి చూశాడు. వెల్డరు పనితనం పైన కనపడదు, లోపల కనపడుతుంది. పది బాగానే ఉన్నాయి. పదకొండోది బాబీది. పైన అందంగా ఉంది. లోపల సగం చుట్టూ ఇనుము కరగనే లేదు, రెండు పైపుల మధ్య గీత పాపిడి తీసినట్టు స్పష్టంగా ఉంది.

ఇది తిరుమలరావుకి కొత్త సంగతి కాదు. బాబీ చెయ్యి తిరిగింది బోట్ల మీద. మందపాటి రేకులు ఎంతైనా అతుకుతాడు. పల్చటి పైపు లోపలి పొర అతనికి చేతకాదు. ఇలాంటి చోట్ల పెద్దవాడు చిన్నవాడి ముక్క తీసుకుని లోపలి పొర తాను వేసి, పైపొర వాడి చేత వేయించడం అన్నిచోట్లా జరిగేదే. ఆదివారం కూడా అలాగే చేద్దామనుకున్నాడు గానీ, బాబీ తొందరపడి ముందే ముగించేశాడు. పరీక్ష పెట్టినాయన కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. అందరూ పాసనగానే, పోన్లే, మంచాయన అనుకున్నాడు తిరుమలరావు. అనుకుని ఊరుకున్నాడు. అదీ అతను చేసిన తప్పు.

బండి మీద వస్తూ ఉంటే ఒక్కొక్కటే గుచ్చుకోవడం మొదలెట్టింది. మూడింతల జీతం ఇచ్చేవాడు అతుకు చూడడా? కుండ కొనే మనిషి కూడా వేలితో కొట్టి చూస్తుందే. ఆదివారం మధ్యాహ్నం వాళ్లు పంచిన బిర్యానీ పొట్లాలు కూడా ఇప్పుడు అనుమానంగా తోచాయి. పరీక్షంటే ఏ కంపెనీ అయినా మంచినీళ్లు కూడా ఇవ్వదు.

భార్య జ్యోతిర్మయి ఒక క్లినిక్‌లో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజూ ఇన్సూరెన్సు కాగితాలు చదివే మనిషి. ఒక్క మాట తేడాతో ఎవరికి వైద్యం అందుతుందో ఎవరికి అందదో కళ్లారా చూసింది. అగ్రిమెంటు జిరాక్సు ఆవిడ ముందు పెట్టాడు. ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని ఆవిడ అడగలేదు, చూసిన చూపు చాలింది. పెన్సిలు పట్టుకుని ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే చదివింది. కార్మికుడు అన్న మాట మొత్తం కాగితంలో ఒక్కచోటా లేదు. పని ఎక్కడయ్యా అంటే, ఆ ప్రాంతంలో చూపించిన చోట. ఊరు లేదు. ఇన్సూరెన్సు అన్న చోట అడ్డగీత. యుద్ధమొచ్చినా ఏమొచ్చినా తిరుగు ప్రయాణం ప్రొవైడరే చూసుకోవాలి. మొన్నీమధ్యే టీవీలో ఆ దేశం మీద బాంబులు పడ్డాయి, అందరూ చూశారు. నాలుగో పేజీలో చిన్న అక్షరాల దగ్గర ఆవిడ ఆగింది. తన నంబరు ఉన్న ప్రతి అతుక్కీ ప్రొవైడరే బాధ్యుడు, నష్టం జరిగితే ఆ దేశపు చట్టం ముందు అతనే జవాబు చెప్పుకోవాలి.

"నంబరు కొట్టినావంటే అతుకు నీది," అంది జ్యోతిర్మయి. "పేలితే తప్పూ నీదే. ఆళ్లకి ఏటీ అంటదు. ఇంక ఆళ్లు వంచి సూడ్డం ఎందుకు?"

అప్పుడు వెలిగింది తిరుమలరావుకి. వంచితే బాబీ ఫెయిలవుతాడు. బాబీ పోతే పది. వాళ్లు ఆ కంపెనీకి పదకొండు నంబర్లు అమ్ముకున్నారు. ఆ నంబర్ల వెనకున్న చేతులతో వాళ్లకి పనిలేదు. రేపు గ్యాసు నిండిన లైను మీద ఆ పాపిడి గీత విచ్చుకుంటే, బాబీ బతికి ఉంటే జైలు. లేకపోతే అదీ లేదు.

సాయంత్రం అందర్నీ అర్జునరావు లేత్ షెడ్డుకి రమ్మన్నాడు. అర్జునరావూ పదకొండు మందిలో ఒకడే. తిరుమలరావు పొద్దున్న తుప్పల్లోంచి తెచ్చిన ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాడు, తనదీ బాబీదీ. ఏది వంచాలన్నదే కష్టం. తనది వంచితే నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. కంపెనీ గుట్టు రట్టు కావాలంటే బాబీది వంచాలి. పదిమంది ముందు వాడి పరువు తియ్యాలి. ఆటోలోంచి దిగి నవ్వుతూ వస్తున్న బాబీని చూసి ముందు తన ముక్క మీదకే చెయ్యి పోయింది. తర్వాత దాన్ని పక్కన పెట్టి, బాబీ ముక్క లాగి, గ్రైండరు అందుకున్నాడు.

పట్టీ కోసి, వైసులో బిగించి, సుత్తి వేశాడు. నాలుగు దెబ్బలకే లోపలి గీత నోరు తెరిచింది. అయిదో దెబ్బకి పట్టీ రెండు ముక్కలై కింద పడింది. దీనికే ‘ఏ’ గ్రేడు పాసని సర్టిఫికెట్ ఇచ్చారు అన్నాడు తిరుమలరావు. కాగితంలో ఏముందో చెప్పాడు.

"ఆళ్లు పాసన్నారు. నువ్వెవడివి నన్ను ఫెయిల్ సెయ్యడానికి?" అన్నాడు బాబీ. మొహం నల్లబడిపోయింది. "నువ్వు రెండుపాలు కువైట్ ఎల్లి ఇల్లు కట్టీసినావు బావా. ఇప్పుడు మా వంతొచ్చినాక తలుపేసీసి సుద్దులు సెప్తన్నావు."

తిరుమలరావు జవాబు చెప్పేలోపు అర్జునరావు ఇంకో ప్రశ్న వేశాడు. నిన్ను సూపర్‌వైజర్ని చేస్తామన్నారట, నిజమేనా అని. నిజమే. ఆ సంగతి తిరుమలరావు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒప్పుకున్నాడు. పది జతల కళ్లు అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాయి. పొద్దుట్నించీ అందర్నీ అనుమానించినవాడికి, తన మీద అనుమానం ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది. వద్దని సెప్పడానికే కదా పిలిసినాను అన్నాడు. బాబీ కింద పడ్డ పట్టీ ముక్కలు ఏరుకుని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు చాలాసేపు వాదించుకుని, రేపు అందరం కలిసే వెళ్లి అడుగుదాం, అన్నీ నీ ఒక్కడి నోటితో వినం అన్నారు. మంచిదే అన్నాడు తిరుమలరావు.

గురువారం పదింటికి సీతమ్మధార ఆఫీసు మెట్ల మీద పదిమంది. అందరికంటే ఆఖర్న, ఎవరి మొహమూ చూడకుండా, బాబీ వచ్చాడు. భార్య సాయిదుర్గ పంపించిందని ఎవరో గొణిగారు.

ఉదయ్‌కుమార్ మర్యాదగా నవ్వి, గ్రూప్ లీడర్ గారొక్కరు లోపలికి రండి, మిగతావారికి టీ చెప్తాను అన్నాడు. టీ వద్దు అందరం వస్తాం అన్నాడు తిరుమలరావు. వచ్చారు. ఆ చల్లటి గదిలో పదకొండు మంది నిలబడితే గాలి ఆడలేదు. ఏ ఊర్లో పని అని అడిగారు. సైటు పేరు చెప్పకూడదు, ఆంక్షల వ్యవహారం, సున్నితమైన విషయం అన్నాడు. బాంబులు పడితే ఎవరు తెస్తారని అడిగారు. అలాంటివేం జరగవన్నాడు. అప్పుడు తిరుమలరావు సంచిలోంచి తన పైపు ముక్క తీసి గాజు బల్ల మీద పెట్టాడు. దీని పట్టీ ఎక్కడ అని అడిగాడు.

ఉదయ్‌కుమార్ ఆ ముక్కని చూశాడు. అదేమిటో అతనికి తెలీదని, ఎన్నడూ చూడలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"అదంతా ఫార్మాలిటీ అండీ," అన్నాడు.

ఫార్మాలిటీ అట. ఇరవై రెండేళ్లు కళ్లు మండించుకున్న పని ఫార్మాలిటీ. రాత్రంతా తిరుమలరావుని అనుమానించిన అర్జునరావే ముందు చెయ్యి చాచాడు, నా పాస్‌పోర్టు నాకిచ్చీ అని. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. ఉదయ్‌కుమార్ వాదించబోయి, అద్దాల తలుపవతల మెట్ల మీద పక్క వాటాల జనం ఆగి చూస్తుండటం గమనించి, బీరువా తీశాడు. ఒక్కొక్కటే పేరు పిలిచి ఇచ్చాడు. పది.

"బాబీది?" అన్నాడు తిరుమలరావు.

బాబీ జేబులోంచి విరిగిన పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. నిన్న షెడ్డులోంచి సరాసరి ఇక్కడికే వచ్చాడట. ఎవరు రాకపోయినా నాను ఎల్తానన్నాడట. ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకుని, రాత్రి కొరియర్‌లోనే పాస్‌పోర్టు బొంబాయి పంపేశారట. ఇంట్లో ఈ ముక్కలు చూసి సాయిదుర్గ, ఇది గ్యాసు నిండిన పైపు అయితే నువ్వు ఎక్కడుండేవాడివి అని అడిగిందట. అదంతా బాబీ నేల చూస్తూ చెప్పాడు.

ఉదయ్‌కుమార్ గొంతు మళ్లీ నున్నగా అయింది. అతను మేజరు, ఇష్టపడి సంతకం పెట్టాడు, అది అతనికీ మాకూ మధ్య విషయం. మీ పదిమందివీ మీకిచ్చేశాను, మీరు బయల్దేరవచ్చు అన్నాడు.

పదిమంది చేతుల్లో పది పాస్‌పోర్టులు. తలుపు తెరిచే ఉంది. ఇద్దరు దానివైపు చూశారు కూడా. తిరుమలరావు ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అర్జునరావు నేల మీద చతికిలబడ్డాడు. తలుపు వైపు చూసినవాళ్లు కూడా కాసేపటికి గోడకి జారగిలబడి కూర్చున్నారు. బాబీ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"బొంబాయికి ఫోన్ సెయ్యి," అన్నాడు తిరుమలరావు. "ఈడి పాస్‌పోర్టు ఈ బల్ల మీదకి రావాల. ఈడు పెట్టిన సంతకం మా కళ్ల ముందు సింపాల. ఆ తరవాత ఆ తుప్పల్లో ఉన్న మిగతా ముక్కలు కూడా తెప్పించి, నాయంగా వంచి సూపించు. అతుకు నిలబడ్డోడినే పిలు. ఏ ఊరు, ఏ లైను, పేలితే ఎవుడు జవాబు సెప్తాడు, యుద్ధమొస్తే ఎవుడు ఇంటికి తెస్తాడు, పేర్లతో తెలుగులో రాసి, కింద మీ సంతకం పెట్టి పిలు. అప్పుడు ఎల్తాం, పనికి జడిసేవోళ్లం కాదు. అదంతా తరవాత. ముందు ఫోన్ తియ్యి. ఇప్పుడు. మా ఎదరే. ఈడి పాస్‌పోర్టు వచ్చీదాకా ఇక్కణ్నించి ఒక్కడు లెగడు."