కాశమ్మ తొట్టిలో తొమ్మిది రంగుల పిట్ట

స్టీల్ ప్లాంటులో ఆనందకుమార్ ముప్పై రెండేళ్ళు చేసిన పని ఒక్కటే. రోలింగ్ మిల్లులోంచి వచ్చే కడ్డీలను పరీక్షగా చూసి, ఎక్కడ పగులుందో, ఎక్కడ పొక్కుందో పట్టుకుని, అక్కడ సుద్దతో గీత గీయడం. రిటైరయ్యేసరికి ఆ ఉద్యోగం అతనికి రెండు గుర్తులు మిగిల్చింది. మిల్లు చప్పుడుకి చెవులు సగం పోయాయి, అందుకని ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు. ఇక రెండోది, దేన్ని చూసినా ముందు లోపమే కనబడుతుంది. సీతమ్మధారలోని వాళ్ళింట్లో అతను వంక పెట్టని కూర లేదు, కర్టెన్ లేదు. భార్య మిరియం ఆరు నెలలు ఓర్చుకుంది.

"ఏవండీ, మీరు ఏదో ఒక వ్యాపకం చూసుకోండి. లేకపోతే నేను చూసుకోవాల్సొస్తుంది, వేరే ఇల్లు" అంది ఏడో నెలలో.

అలా అతని చేతికి కెమెరా వచ్చింది, దానికి మోచెయ్యంత లెన్సు వచ్చింది. ఊళ్ళో పక్షుల ఫొటోలు తీసేవాళ్ళ సంఘం ఒకటుంటే అందులో చేరాడు. దానికి కార్యదర్శి ఉమాశంకర్. బ్యాంకులో పని చేస్తాడు, మైకు దొరికితే వదలడు. "మన ఫొటోలో మనిషి జాడ ఉండకూడదు. కరెంటు తీగ కనబడిందా, ఆ ఫొటో చచ్చినట్టే" అని మొదటిరోజే చెప్పాడు. ఆనందకుమార్‌కి ఆ మాట అమృతంలా తోచింది. లోపాలు వెతికి తీసెయ్యడమేగా, అది తనకి వెన్నతో పెట్టిన విద్య.

పిట్టలు మాత్రం దొరకలేదు. కొండలెక్కాడు, గెడ్డలూ వాగుల వెంట తిరిగాడు. పిట్ట ఉన్నచోట కొమ్మ అడ్డం, కొమ్మ లేనిచోట పిట్ట లేదు. మే నెలలో ఒకరోజు పద్మనాభం ఊరి వైపు తిరిగి తిరిగి, నాలుక పిడచకట్టి, రోడ్డు పక్కన ఒక జీడితోటలో స్కూటరాపాడు. బోరు దగ్గర ఒకావిడ గేదెకి నీళ్ళు పెడుతోంది. పేరు కాశమ్మ. యాభై దాటి ఉంటుంది. ఆ తోటకి ఆవిడే యజమాని, ఆవిడే కూలీ.

చెంబెడు నీళ్ళు గటగటా తాగి తలెత్తేసరికి ఆనందకుమార్ అలాగే ఉండిపోయాడు. గేదె పక్కకి తప్పుకోగానే, నీలం ప్లాస్టిక్ డ్రమ్ముని నిలువునా సగానికి కోసి చేసిన ఆ తొట్టి మీద పికిలిపిట్టలు రెండు, గోరింకలు నాలుగు, ఒక గువ్వ వాలాయి. మనిషి అక్కడే ఉన్నా వాటికి లెక్కలేదు.

"కొండలంట తిరిగితే ఏటి దొరుకుద్ది బాబూ?" అంది కాశమ్మ, అతను పిట్టల కోసం పడ్డ పాట్లు విని. "ఎండల్లో ఆటికి మాత్రం దాహమెయ్యదేటి? నీలున్న కాడికే ఒత్తాయి."

మర్నాటినుంచి అతను రోజూ పొద్దున్నే హాజరు. కాశమ్మ తన పాత ఆకుపచ్చ చీర ఇస్తే రెండు జీడిచెట్ల మధ్య తెరలా కట్టుకుని, వెనక పీట వేసుకుని కూర్చునేవాడు. పదో రోజు వచ్చిందది. పొట్టి తోక, పొట్ట కింద ఎరుపు, రెక్కన నీలం, వీపున ఆకుపచ్చ, కంటికి కాటుక పట్టీ. వెరసి తొమ్మిది రంగులు. ఇంగ్లీషు పుస్తకంలో కూడా దాని పేరు పిట్టే. మన మాటే తీసుకెళ్ళి పెట్టుకున్నారు. సంఘంలో సగంమంది దాన్ని పుస్తకంలో తప్ప చూసి ఎరగరు.

కాశమ్మ సత్తు చెంబుతో తొట్టిలోకి నీళ్ళు వంచుతోంది. ఆ చప్పుడుకే అది జీడాకుల్లోంచి గెంతుకుంటూ వచ్చి, తొట్టిలో పెట్టిన ఇటుక మీద నిలబడి, ధార కింద తల వంచి రెక్కలు విదిల్చింది. ఆనందకుమార్ వరసగా నలభై ఫొటోలు తీశాడు.

"నెలరోజులై ఒత్తంది బాబూ, అది" అంది కాశమ్మ, ఇందులో ఏముందన్నట్టు.

"మళ్ళీ ఎప్పుడొచ్చినా నాకు ఫోన్ చెయ్యి కాశమ్మా, అర్ధరాత్రైనా సరే" అని తన నంబరిచ్చాడు.

"అర్దరేతిరి అదెందుకొత్తాది బాబూ" అంది ఆవిడ.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, పిట్ట దేవుడు చేసినట్టే ఉంది. మిగతాదంతా లోపమే. నీలం తొట్టి, ఇటుక, రబ్బరు గొట్టం, ఒక షాంపూ ప్యాకెట్టు. పైన కుడి మూల నుంచి కాశమ్మ చెయ్యి, చెంబు. ఆనందకుమార్ మౌస్ పట్టుకున్నాడు. షాంపూ ప్యాకెట్టు ఒక నిమిషంలో పోయింది. గొట్టం ఒక పూటలో పోయింది. తొట్టికి మూడు రోజులు పట్టింది. దాని స్థానంలో ఎప్పుడో అరకులో తీసిన నాచుపట్టిన రాయిని తెచ్చి అతికాడు. చెయ్యి మాత్రం తెగ సతాయించింది. ఎంత చెరిపినా నీళ్ళలో దాని నీడ మిగిలేది. పదకొండో రోజుకి అదీ పోయింది. చెంబులోంచి పడిన ధార కొండరాళ్ళ మీంచి జారే ఊట అయింది.

మిరియం కాఫీ తెచ్చి చూసింది. "ఇక్కడ ఆవిడ చెయ్యుండాలి కదండీ?"

"తీసేశాను."

"నొప్పెట్టలేదటా?" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంఘం ఏటా పెట్టే ప్రదర్శనకి ఆ ఏడు పెట్టిన పేరు "మనిషి చెయ్యి తగలని ప్రకృతి". ఆనందకుమార్ ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. ఉమాశంకర్ శాలువా కప్పి, మైకులోనే అడిగాడు. "గురువుగారూ, ఇంత స్వచ్ఛమైన ఊట ఎక్కడుందో మాకూ చెప్పండి!"

హాలు హాలంతా అతని నోటి వైపే చూస్తోంది. గేదెల తొట్టి అని చెప్పడానికి నోరు రాలేదు. "అనంతగిరి అవతల... బాగా లోపల" అన్నాడు. అంత లోపలికి ఎవరొస్తారులే అనుకున్నాడు.

పన్నెండుమంది వచ్చారు. ఆదివారం తెల్లారకముందే వ్యాను, టిఫిన్ పొట్లాలు, దారి చూపించడానికి ముందు సీట్లో ఆనందకుమార్. ఘాటీ దాటాక ఒకచోట దిగమన్నాడు. దిగి, ఏ వాగు కనబడితే ఆ వాగు వెంట నడిపించాడు. రెండు గంటలైంది. వాగుల్లో రాళ్ళున్నాయిగాని నీళ్ళు లేవు. బరువైన లెన్సులు మోసుకుంటూ వెనక ఒకరిద్దరు చెట్ల కింద చతికిలబడ్డారు. "ఇంకెంత దూరమండీ?" అంటే "దగ్గరే, దగ్గరే" అంటున్నాడు. ఏ మలుపు దగ్గరైనా కాలు బెణికితే బాగుండునని ఒకపక్క మనసులో ప్రార్థన కూడా చేసుకున్నాడు. కాళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

అప్పుడు ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ స్పీకర్ నొక్కాడు.

"బాబూ! నాను కాశమ్మని! నీ పిట్ట మా తొట్టిలో తానం సేత్తన్నాది. గేదిని కూడా పక్కకి కట్టీసినాను. బేగొచ్చీ!"

కొండ మధ్యలో ఆ గొంతు నాలుగు దిక్కులా వినబడింది. పన్నెండుమందీ నిలబడిపోయారు. ఆనందకుమార్‌కి చెవులు వేడెక్కాయి. శాలువా వెనక్కిచ్చెయ్యాలి, సభ్యత్వం పోతుంది, వాట్సాప్ గ్రూపులో ఏమేం రాస్తారో అన్నీ కళ్ళముందు తిరిగాయి. దాచి లాభం లేదని, తొట్టి సంగతి, చెయ్యి సంగతి, అరకు రాయి సంగతి మొత్తం చెప్పేశాడు.

ఉమాశంకర్ చెమట తుడుచుకున్నాడు. తర్వాత అడిగింది ఒకే ముక్క. "ఆ తొట్టి పక్కన ఎంతమంది కూర్చోవచ్చు?"

వ్యాను పద్మనాభం వైపు తిరిగింది.

మధ్యాహ్నం మూడింటికి జీడితోటలో పదమూడు లెన్సులు తొట్టి మీదికి గురిపెట్టి ఉన్నాయి. తోటకి పెళ్ళివాళ్ళు దిగినట్టుందని కాశమ్మకి సంబరంగా ఉంది. చెంబు తీసుకుని నీళ్ళు వంచబోతే ఉమాశంకర్ ఆపాడు.

"అమ్మా, మీ చెయ్యి ఫొటోలో పడుతుంది. కాస్త పక్కకెళ్ళండి."

"సెయ్యి తీసేత్తే నీలెవరు పోత్తారు బాబూ, నువ్వా?"

నిజంగానే అతను ఒక సీసాకి చిల్లుపెట్టి కొమ్మకి వేలాడదీశాడు. నీళ్ళు చుక్కచుక్కగా పడ్డాయి. గంట గడిచింది. గోరింక కూడా రాలేదు. చివరికి అందరూ కలిసి కాశమ్మని బతిమాలుకున్నారు. ఆవిడ వచ్చి, ఎప్పటిలాగే చెంబు వంచింది. రెండు నిమిషాల్లో తొమ్మిది రంగుల పిట్ట ఇటుకమీద నిలబడి స్నానం చేసింది. కెమెరాలు టకటకలాడాయి.

"పర్లేదు, చెయ్యి తర్వాత తీసేద్దాం" అని ఎవరో గుసగుసలాడారు.

ఆనందకుమార్ ఒక్కడే బటన్ నొక్కలేదు. ఇన్నాళ్ళూ లెన్సులోంచి చూసిన ఆ చెయ్యిని మొదటిసారి విడిగా చూశాడు. ధార సన్నగా పడేలా, పిట్ట బెదరకుండా, ఎంత నెమ్మదిగా వంచుతోంది! తను పదకొండు రోజులు కూర్చుని చెరిపింది దీన్నా అనిపించింది. మనసు చివుక్కుమంది.

మర్నాడు బహుమతి వెనక్కిస్తానని ఉమాశంకర్‌కి ఫోన్ చేశాడు.

"భలేవారే, ఇప్పుడు మీరది కెలికితే మా గతేంటండీ?" అన్నాడు ఉమాశంకర్. అప్పటికే సంఘం గ్రూపులో కొత్త కొండ ఊటలు తొమ్మిది వెలిశాయి. ఉమాశంకర్ ఫొటోలో పిట్ట వెనక ఏకంగా ఒక జలపాతం ఉంది.

ఆనందకుమార్ పాత ఫొటో తీశాడు. అసలుది, ఏమీ చెరపనిది. తొట్టి, గొట్టం, షాంపూ ప్యాకెట్టు, చెయ్యి, అన్నీ ఉన్నది. గోడకి సరిపడా పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, మిరియంని స్కూటరెక్కించుకుని పద్మనాభం వెళ్ళాడు. దారిపొడుగునా అతనికి ఏదో బరువు దిగినట్టే ఉంది. తన జీవితంలో లోపాలన్నీ అలాగే ఉంచి ఒకరి చేతికిచ్చిన మొదటి వస్తువు ఇదే.

కాశమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫ్రేము అందుకుంది. ఎండలోకి తిప్పి చూసింది. ముందు నవ్వింది, తర్వాత మొహం ముడిచింది.

"ఇదేటి బాబూ, నా సెయ్యిలా ఉందేటి? బీటలు తీసినట్టుంది. నువ్వు కంప్యూటర్లో అన్నీ తీసేత్తావంట గదా, ఆ బాబులు సెప్పినారు. ఈ బీటలు తీసీలేవా? ఆ సేత్తోనే గాజులు కూడా ఎయ్యి. ఎర్రయి."

మిరియం కొంగు నోటికడ్డం పెట్టుకుని బోరు వైపు తిరిగింది. ఆనందకుమార్ ఏదో చెప్పబోయాడు. ఆ చెయ్యి ఉన్నదున్నట్టు ఎంత గొప్పదో, దాని నీడ తనని ఎంత ఏడిపించిందో చెబుదామనుకున్నాడు. కాశమ్మ మాత్రం ఫ్రేము అతని చేతికి తిరిగిచ్చేసి, గాజులు ఎక్కడిదాకా ఉండాలో మణికట్టు మీద వేలితో చూపిస్తోంది.

"డజను వెయ్యనా?" అన్నాడు చివరికి.

"ఆరు సాలు బాబూ. పిట్ట బెదిరిపోద్ది."