తవిటయ్య దాహం

నేను ఒక ఇత్తడి మరచెంబును. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో ఒక కంచరి నన్ను సాగగొట్టి, మూతకు మర తీర్చాడు. నన్ను కొన్న పెద్దాయన తీర్థాలన్నీ తిప్పి, చివరికి కొడుకు తవిటయ్య చేతికిచ్చాడు. తవిటయ్య రైల్వే గేటుమాన్. పద్దెనిమిదేళ్లు అతని డ్యూటీ గదిలో కిటికీ గట్టు మీదే ఉన్నాను. పూటకోసారి నింపితే సరిపోయేది.

కిందటి వేసవిలో నన్ను గంటకోసారి నింపడం మొదలైంది. తాగడం, బయటికి పరుగెత్తడం, మళ్లీ తాగడం. ఎముకల్లో పోట్లు. షుగరని ఊరంతా తేల్చేసింది. రోగానికి పేరు పెట్టడానికి మనుషులకు పరీక్షలతో పనిలేదు. రక్తం చూస్తే షుగరు లేదు. వానలు పడ్డా దాహం తగ్గలేదు. తవిటయ్య కూర్చున్నచోటే మగతలోకి జారిపోయేవాడు. నాకు భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం భార్య సన్యాసమ్మ అన్నం తెచ్చేసరికి, రైలొస్తోంది గేటు వేయమని స్టేషన్ నుంచి ఫోన్ మోగుతోంది. తవిటయ్య దాన్నే చూస్తున్నాడు, అదేమిటో తెలియనట్టు.

"ఏటయింది నీకు? ఫోనెత్తు!"

అతను నన్నెత్తి చెవికి పెట్టుకున్నాడు. నీళ్లు భుజం మీదుగా కారిపోయాయి.

సన్యాసమ్మ గిన్నె పడేసి ఫోనందుకుంది. "గేటేస్తన్నాం బాబూ!" అని అరిచి, పరుగెత్తి గేటు దించే చక్రం తిప్పింది. బడిపిల్లల ఆటో పట్టాలకు నాలుగడుగుల దూరంలో ఆగింది. రైలు వెళ్లిపోయాక కూడా ఆమె ఆ చక్రం పిడి వదల్లేకపోయింది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. "రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగింది. మెడలో చిక్కుడుగింజంత గడ్డ ఉంది. అది వదిలే హార్మోను ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తోంది. అందుకే ఈ దాహం, ఈ అయోమయం."

"కేన్సరా అమ్మా?" అంది సన్యాసమ్మ.

"చాలావరకు కాకపోవచ్చు. తీసి చూస్తేగాని చెప్పలేను."

ముందు సెలైన్లు ఎక్కించి కాల్షియం దించారు. తర్వాత ఆపరేషన్. తలుపు బయట సన్యాసమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని మూత బిగిస్తూ, తీస్తూ, మళ్లీ బిగిస్తూ కూర్చుంది. ఒక్క గుక్క తాగలేదు.

కేన్సర్ కాదని తేలింది. తవిటయ్య మాట తేటపడింది. మూడు నెలలు గడిచాక, ఇక డ్యూటీకి పనికొస్తాడని రైల్వే డాక్టరు రాసిచ్చాడు. ఆ సాయంత్రం అతను భార్యను అడిగాడు.

"ఆ రోజు గేటేసింది నేనేనా?"

నన్ను తోముతున్న ఆమె చెయ్యి ఆగింది. "నువ్వే. ఇంకెవులేస్తారు?"

తవిటయ్య ఆగిన ఆ చేతి వంక చూశాడు.

"రేపు డ్యూటీకి నువ్వూ రా," అన్నాడు మెల్లగా. "ఆ ఒక్కరోజూ."